శిక్షయు, కరుణయు: బస్తరు చరిత్రలో ఒక క్రైస్తవ భావన

దంతెవాడ వద్ద శంఖిని, డంకిని అనే రెండు నదులు కలుస్తాయి. ఆ సంగమం ఒడ్డున దంతేశ్వరీదేవి ఆలయమున్నది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైన పిమ్మట కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులలో ప్రవేశించి నూతన రాజ్యాన్ని స్థాపించినాడని బస్తరు రాజవంశం చెప్పుకొన్న చరిత్ర. దానికి తోడుగా ఒక ఐతిహ్యం కూడా ఉన్నది. నీవు నడిచినంత మేర నేల నీదగుననీ, నేను నీ వెంట వస్తాననీ, కాని వెనుదిరిగి చూడరాదనీ దేవి అన్నది. ఆమె అందెల సవ్వడి వింటూ అతడు ముందుకు సాగినాడు. సంగమం వద్ద ఇసుకలో అందెలు కూరుకొని సవ్వడి ఆగిపోయినది. అతడు తిరిగి చూచినాడు. దేవి అక్కడనే నిలిచిపోయినది.

ఈ కథలో నియమభంగమున్నది, దాని ఫలమున్నది. కాని ఆ ఫలం వినాశం కాదు. బైబిలులో లోతు భార్య వెనుదిరిగి చూచి ఉప్పుస్తంభమైనది. గ్రీకు పురాణంలో ఓర్ఫియసు వెనుదిరిగి చూచి భార్యను మరల పోగొట్టుకొన్నాడు. అన్నమదేవుడు కోల్పోయినది ఇంకను నడవదగిన నేల మాత్రమే. నడక ఆగినచోట దేవి కొలువైనది. అలిగిన తల్లి ఇల్లు విడిచి పోలేదు. దైవం మనుష్యుని సరిదిద్దడమూ, అతనిని విడనాడకపోవడమూ ఒకే క్రియకు రెండు ముఖాలా అనే ప్రశ్న ఈ కథలోనే బీజప్రాయంగా ఉన్నది. క్రైస్తవమతం రెండువేల ఏండ్లుగా ఆలోచిస్తున్న ప్రశ్న కూడా ఇదే. బస్తరు నేల మీద ఆ ప్రశ్నను మతబోధకులు అడిగినారు, ప్రభుత్వం అడిగింది, తమ దేవతల ఎదుట నిలిచి గ్రామస్థులూ అడిగినారు. ఎవరు ఏమని సమాధానం చెప్పుకొన్నారో తెలిసికోవడానికి ముందు ఒక మాటను పరిశీలించడం అవసరం.

దంతెవాడలో దిక్పాలదేవుని కాలం నాటి శాసనమొకటి ఉన్నది. అది క్రీ.శ. 1703 నాటిది. రెండు రాళ్ల మీద చెక్కిన ఆ శాసనంలో ఒక రాయి మీద సంస్కృతమూ, రెండవదాని మీద అదే విషయం దేశభాషలోనూ ఉన్నవి. సంస్కృతం చదువగలవారు అరుదైనారు గనుక రెండవ రాతిని చెక్కించవలసి వచ్చిందని అందు చెప్పబడినది. ఆ విధంగా ఈ ఊరు మూడు శతాబ్దాలకు పూర్వమే అనువాదాన్ని రాతి మీద నిలిపినది. ఉత్తరాన హిందీ, హల్బీ, దక్షిణాన తెలుగు, నడుమ గోండీ మాండలికాలు కలిసే ఈ సీమలో ఒకే సంస్కృత శబ్దం నది దాటేసరికి అర్థం మార్చుకొంటుంది. 'శిక్ష' అట్టి శబ్దం.

హిందీలో శిక్షా అనగా చదువు. తెలుగులో శిక్ష అనగా దండన. రెండింటికీ మూలమైన సంస్కృతంలో అది నేర్చుకొనడమూ, నేర్పడమూ. వేదాంగాలలో మొదటిదైన ఉచ్చారణశాస్త్రానికి అదే పేరు. తెలుగు ఆ మూలార్థాన్ని పూర్తిగా పోగొట్టుకొనలేదు. శిక్షణ అనే మాట ఉన్నది. తరతరాల తెలుగు బాలురకు అక్షరాలు నేర్పిన పుస్తకం పేరు పెద్దబాలశిక్ష. అయినను ఒంటరిగా నిలిచినప్పుడు ఆ మాట తెలుగువానికి చెరసాలనూ, బెత్తాన్నీ స్ఫురింపజేస్తుంది. బడిలో బెత్తం విరివిగా తిరిగిన దేశంలో చదువు అనే మాట దెబ్బ అనే అర్థానికి జారిపోవడం వింత కాదు.

క్రైస్తవ గ్రంథంలో ఇదే జంటతనం గ్రీకు శబ్దమైన 'పైదేయా'కు ఉన్నది. ప్లేటో, ఐసోక్రటీసుల నాటి ఏథెన్సులో ఆ మాటకు బాలుని పెంచి, విద్య నేర్పి, పౌరునిగా తీర్చిదిద్దడమని అర్థం. క్రీస్తుకు పూర్వం యూదుల గ్రంథాలను గ్రీకులోకి మార్చిన పండితులు, తండ్రి కుమారునికి చెప్పే బుద్ధినీ, వేసే దెబ్బనూ కలిపి సూచించే 'మూసార్' అనే హీబ్రూ పదానికి దీనిని వాడినారు. అప్పటినుండి విద్యాశాల మాటలో బెత్తం కూడా చేరినది. కొత్తనిబంధనలో ఆ ధాతువు ఎన్ని విధాల కనబడుతుందో చూడదగును. మోషే ఐగుప్తీయుల విద్యలన్నిటిలో ఆరితేరినాడని చెప్పుచోట అదే క్రియ. పౌలు గమలీయేలు పాదాలవద్ద చదివినానని చెప్పుకొన్నచోట అదే క్రియ. నిర్దోషి అని తెలిసియు యేసును కొట్టించి విడిచిపెడతానని పిలాతు అన్నచోట కూడా అదే క్రియ. గురువూ, న్యాయాధిపతీ ఒకే మాటను పలికినారు. ఎవరి నోట అది సత్యమో, ఎవరి నోట అసత్యమో వినేవాడే గుర్తించవలెను.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం ఈ భావానికి ఆధారస్థానం. ప్రభువు ప్రేమించినవానినే దిద్దుతాడనీ, దిద్దుబాటు లేనివాడు కుమారుడే కాడనీ ఆ పత్రికాకర్త సామెతల గ్రంథాన్ని ఆధారం చేసికొని వాదిస్తాడు. తెలుగు బైబిలు ఇక్కడ శిక్ష అనే మాటనే వాడుకొన్నది. హిందీలో ఆ మాట వాడితే బడిచదువు అనే అర్థం వచ్చేది. కావున హిందీ అనువాదకులు 'తాడన' అన్నారు. తాడన అనగా కొట్టడమే. హిందీ పాఠకునికి ఆ వాక్యంలో దెబ్బ స్పష్టంగా వినబడుతుంది, పాఠం వినబడదు. తెలుగు పాఠకునికి దండనే మొదట తోచినను, మాటను కొంచెం గీకితే అడుగున బాలశిక్ష బయటపడుతుంది. ధర్మశాస్త్రాన్ని పౌలు 'పైదగోగోస్' అన్నచోట తెలుగు బైబిలు బాలశిక్షకుడన్నది. గ్రీకుల ఇండ్లలో పైదగోగోస్ అనగా పిల్లవానిని చేయిపట్టుకొని బడికి తీసికొనిపోయే దాసుడు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా వాసి క్లెమెంటు ఆ పేరుతోనే ఒక గ్రంథం వ్రాసి, దేవుడు పగ తీర్చుకొనడనీ, బాగుపరచుటకే దండిస్తాడనీ నిరూపించబూనినాడు.

కరుణను తెలిపే మాటలకు కూడా ఇటువంటి వంశవృక్షమున్నది. హీబ్రూలో కరుణకు 'రహమీమ్' అని పేరు. అది గర్భమనే అర్థంగల 'రెహెమ్' నుండి పుట్టినది. అరబీలో దాని తోబుట్టువైన 'రహమ్' పారశీకం మీదుగా హిందీలోకి వచ్చి నేటికీ వాడుకలో ఉన్నది. కీర్తనల గ్రంథంలో తండ్రి బిడ్డలపై జాలిపడే సందర్భంలో సైతం ఈ గర్భశబ్దమే కనబడుతుంది. లూకా సువార్తలో తప్పిపోయి తిరిగివచ్చే కుమారుని దూరాన చూచిన తండ్రి కనికరించినాడని చెప్పడానికి వాడిన గ్రీకు క్రియ ప్రేగులనే అర్థంగల పదం నుండి వచ్చినది. తెలుగువానికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. కడుపుతీపి అనే మాట వానికున్నది. కడుపు తరుక్కుపోయిందనే పలుకుబడి వానికున్నది. దిద్దడం చేతిపని, కనికరించడం కడుపు చేసే పని. ఈ రెండూ ఒకే దేహానికి చెందినవన్నదే క్రైస్తవుల విశ్వాసం.

ఈ విశ్వాసానికి ఒక గొప్ప అపాయం వెన్నంటియే ఉన్నది. బాధ దైవం నేర్పే పాఠమైతే, ఇతరుని బాధను చూచి వాడు పాపి అని తీర్పు చెప్పడం ఎంతో సులభం. యేసు దీనిని ముందే ఖండించినాడు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ దోషులు కారని ఆయన చెప్పినట్లు లూకా 13వ అధ్యాయం తెలుపుతుంది. అయినను దైవదండాన్ని మనుష్యులు తమ చేతికి తీసికొనక మానలేదు. 5వ శతాబ్ది ప్రారంభంలో ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులనే భిన్నవర్గంపై రాజదండన ప్రయోగించడాన్ని మహాపండితుడైన అగస్టీను సమర్థించినాడు. తండ్రి కుమారుని, వైద్యుడు రోగిని బాధించినట్లే ఇదియు ప్రేమకార్యమేనన్నది ఆయన వాదసారం. తరువాతి శతాబ్దాలలో మతవిచారణలు సాగించినవారికి ఆ వాదం ఆయుధమైనది. హెబ్రీయుల పత్రిక హింసలో ఉన్నవారికి వ్రాసినది. వారి హింసకులకు వ్రాసినది కాదు. శిక్షలో ప్రేమ ఉన్నదనే మాట దెబ్బతిన్నవాడు తనకు తాను చెప్పుకొన్నప్పుడు ఓదార్పు. కొట్టినవాడు చెప్పినప్పుడు అది దైవదూషణకు సమీపమైనది.

తెలుగుదేశంలో ఈ ప్రశ్న 1876-78 కరవులో కఠినంగా ముందుకు వచ్చినది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పూర్వం భూమి కొలతల పని నేర్చినవాడు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగం కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించినాడు. కరవును దేవుని కోపమని చాటి జనాన్ని భయపెట్టడానికీ, కూలిని ఎరగా చూపి మతంలో చేర్చుకొనడానికీ అంతకు మించిన అదను ఉండదు. అయితే కరవు సాగిన కాలంలో సంవత్సరానికి పైగా ఆయన బాప్తిస్మాలు ఆపివేసినాడు. అన్నం కోసం వచ్చినవాడెవడో, విశ్వాసం కోసం వచ్చినవాడెవడో కరవు తీరిన తరువాతగాని తేలదని ఆయన భావం. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందినారు. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. సంఖ్య వలన ఆ దినం ప్రసిద్ధికెక్కినది. కాని ఈ విషయంలో విలువైనది ఆ దినానికి ముందటి నిరీక్షణయే. కరుణను బేరంగా మార్చకుండ నిలుపుకొనడం దాని అర్థం.

బస్తరుకు దక్షిణపు గడపయైన గోదావరి తీరంలో దుమ్ముగూడెం వద్ద ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతో చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషను 1860 ప్రాంతంలో ఆరంభమైనది. తెలుగువాడైన వెంకటరామరాజు అందు తొలి బోధకుడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ కోయల ఆచారాలను గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసాలు వ్రాసినాడు. 19వ శతాబ్ది ముగియక ముందే లూకా సువార్త కోయభాషలోకి వచ్చినది. జగదల్పురంలో అమెరికన్ మెథడిస్టు మిషను ఆ శతాబ్దపు చివరి దశాబ్దంలో నెలకొన్నది. అయితే కరుణను గూర్చిన క్రైస్తవ కథ ఒకటి ఏ బోధకుని ప్రమేయమూ లేకుండ బస్తరు భాషలలో ప్రవేశించినదనే సంగతి అంతగా గుర్తింపబడలేదు. గ్రియర్సన్ నడిపిన భారతదేశ భాషా పర్యవేక్షణలో ప్రతి భాషకూ మాదిరిగా ఒకే కథను అనువదింపజేసినారు. అది తప్పిపోయిన కుమారుని కథ. ఆ గ్రంథసంపుటాలలో హల్బీ, గోండీ మాండలికాలు కూడా చేరినవి. సర్కారువారు వెదకినది క్రియారూపాలనూ, విభక్తి ప్రత్యయాలనూ. వాటి మూటలో మూటగా, కొడుకును దూరాన చూచి పరుగెత్తుకొనిపోయే తండ్రి ఈ భాషలలోకి వచ్చినాడు.

ఆ కథలో ఇద్దరు కుమారులున్నారు. ఆస్తి పాడుచేసి, పందుల మేత ఎదుట ఆకలితో కూర్చున్న చిన్నవానికి బుద్ధి చెప్పినది ఆకలి. తండ్రి అతనిని కొట్టలేదు, వెదకి పట్టించలేదు. తిరిగి వచ్చినప్పుడు లెక్క అడుగలేదు. శిక్షలేదని కోపగించినవాడు పెద్దకుమారుడు. చరిత్రలో దైవదండాన్ని చేతబట్టినవారందరూ తమను తండ్రి స్థానంలో ఊహించుకొన్నారు. వారు నిజానికి నిలిచినది పెద్దకుమారుని స్థానంలో.

1910లో బస్తరులో భూమ్‌కాల్ అనే మహాతిరుగుబాటు లేచినది. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు దానితో విడదీయరానిది. అడవులలో అధికభాగాన్ని రిజర్వు చేయడం, వెట్టిచాకిరి, భూమిశిస్తు, అధికారుల దౌర్జన్యం దానికి కారణాలు. మామిడికొమ్మలూ, మట్టిగడ్డలూ, మిరపకాయలూ, బాణాలూ గ్రామంనుండి గ్రామానికి తిరిగి సందేశాన్ని మోసినవి. తిరుగుబాటుదారులు పోలీసు ఠాణాలతోపాటు బడులను కూడా తగులబెట్టినారు. బడి పేరిట జరిగిన నిర్బంధ వసూళ్లూ, ఒత్తిడీ వారి ఫిర్యాదులలో ఉన్నవి. సర్కారు దస్తావేజులలో శిక్షా అని హిందీలో పేర్కొన్నది గ్రామస్థునికి తెలుగు అర్థంలోనే అందినది. ఫిబ్రవరిలో మొదలైన అలజడిని మే నాటికి సైన్యం అణచివేసినది. పట్టుబడినవారిని కొరడాలతో కొట్టినారు. వారికి బుద్ధి వచ్చుటకే ఇట్లు చేయవలసి వచ్చినదనడం ఏ కాలపు పాలకులకైనా అలవాటు. అగస్టీను వాదం గ్రంథాలు చదువనివారి నోట కూడా వినబడుతుంది.

ఈ కొరడా చరిత్రకు ఎదురుగా నిలిపి చూడదగినవాడు వెరియర్ ఎల్విన్. 1902లో జన్మించిన ఎల్విన్ ఒక బిషప్పు కుమారుడు. ఆక్స్‌ఫర్డులో చదివి, ఆంగ్లికన్ గురువై, 1927లో పూనాలోని క్రైస్తవ సేవాసంఘంలో చేరుటకు ఈ దేశం వచ్చినాడు. సెయింట్ ఫ్రాన్సిసు అతని ఆదర్శం. 1932లో మిత్రుడు శ్యామ్‌రావు హివాలేతో మాండ్లా ప్రాంతపు గోండుల నడుమ నివాసమేర్పరచుకొన్నాడు. మతంలో చేర్చుకొనే పని తనది కాదన్న కారణంగా నాగపూరు బిషప్పుతో విభేదం వచ్చి, 1930ల నడుమ సంఘం నుండి వైదొలగినాడు. 1940 నుండి బస్తరులో పరిశోధన సాగించినాడు. అక్కడ అతడు దంతెవాడ ప్రాంతపు దండామీ మారియాల మధ్య జరిగిన 100 హత్యకేసుల దస్తాలను పరిశీలించి, జైలులో ఖైదీలనూ, గ్రామాలలో వారి బంధువులనూ కలిసికొని 1943లో మారియాల హత్యలను, ఆత్మహత్యలను గూర్చి ఒక గ్రంథం ప్రకటించినాడు.

ఆ గ్రంథం చెప్పిన కారణాలు మద్యం, అసూయ, అలసట, భూమి తగాదా, చేతబడి భయం, క్షణికావేశం. మారియా పుట్టుకతో క్రూరుడనే పుకారుకు వాటిలో స్థానం లేదు. అడవి, ఆట, పాట, బంధుజనం నుండి దూరమైన ఆదివాసికి చెరసాల తక్కినవారికంటె మిక్కిలి కఠినమైన దండన అవుతుందనీ, దాని వలన వాడు నేర్చేదేమీ లేదనీ ఎల్విన్ అభిప్రాయం. హంతకుని నిర్దోషి అని అతడు అనలేదు. నేరం ఎట్లు పుట్టినదో తెలియక వేసే శిక్ష దిద్దుబాటు కాజాలదని మాత్రమే చూపినాడు. మతపీఠం విడిచిన ఆ మనుష్యుడు, తన మతం ఆదినుండి పైదేయా అని పిలిచినదానిని ఖైదీల దస్తాలలో వెదకినాడనవచ్చును. ఎల్విన్ 1964లో ఢిల్లీలో మరణించినాడు. 1965లో అతని ఆత్మకథకు సాహిత్య అకాడెమీ బహుమానం లభించినది.

బస్తరు ప్రజలు మాత్రం ఈ విషయంలో ఎవరి పాఠమూ వినకయే తమ పద్ధతిని తాము రూపొందించుకొన్నారు. కేశ్‌కాల్ కొండమీద భంగారామ్ దేవి జాతర ప్రతి ఏటా భాద్రపదంలో జరుగుతుంది. అక్కడ విచారణకు నిలిచేవారు మనుష్యులు కారు, దేవతలు. రోగం నయం చేయలేదనో, పంట కాపాడలేదనో, మొక్కు తీసికొని మాట తప్పినారనో గ్రామస్థులు తమ దేవతలపై ఫిర్యాదు చేస్తారు. భంగారామ్ దేవి న్యాయాధిపతి. దోషమని తేలిన దేవత కొంతకాలం పదవి కోల్పోతుంది, లేదా గుడి వెలుపల ఉంచబడుతుంది. ఆ దేవత తప్పు దిద్దుకొన్నదని భక్తులకు నమ్మకం కలిగినప్పుడు తిరిగి ఊరికి తీసికొనిపోయి ప్రతిష్ఠించుకొంటారు. నాగపూరు నుండి వచ్చి అంటువ్యాధుల కాలంలో రోగులకు సేవచేసిన ఖాన్ అనే వైద్యుడు ఆ దేవి పక్కనే దేవుడైనాడని స్థానికులు చెప్పుకొంటారు. శిక్షింపబడే దేవతల ప్రక్కన, కరుణవలన దేవుడైన మనుష్యునికి పీట వేయడం ఆ సమాజపు వివేకం.

క్రైస్తవునికి ఈ ఆచారం మొదట విపరీతంగా తోచవచ్చును. దేవుని నిలదీయడం ఎట్లు తగునని అతడు అడుగవచ్చును. కాని అతని గ్రంథంలోనే యోబు ఉన్నాడు. నిష్కారణంగా బాధపడిన యోబు దేవునితో వ్యాజ్యెమాడగోరినాడు. నీ పాపఫలమే ఇది అని అతనికి శాస్త్రం బోధించిన మిత్రులపైననే చివరకు దేవుడు కోపించినాడు. ప్రశ్నించిన యోబు సరిగా మాటాడినవాడని తీర్పు చెప్పినాడు. అంతకంటె గొప్ప విషయం, నిర్దోషియైన క్రీస్తు పిలాతు 'పైదేయా'ను తన శరీరం మీద పొందినాడన్న విశ్వాసం. అక్కడ దైవం కొరడా పట్టినవాని పక్షాన కాక, కొరడా తగిలినవాని పక్షాన నిలిచినది. దిద్దేవాడు దెబ్బను తానే భరించినప్పుడు మాత్రమే శిక్ష, కరుణ అనే మాటల మధ్య గోడ తొలగుతుంది.

కేశ్‌కాల్ తీర్పులకు తుది లక్ష్యం దేవత తిరిగి ఊరు చేరడం. లూకా కథకు తుది లక్ష్యం కుమారుడు తిరిగి ఇల్లు చేరడం. తిరిగి రావడానికి దారి మిగల్చని శిక్షకు ఏ భాషలోనైనా దండన అనే పేరే తగును. దారి మిగిల్చిన శిక్షకే బాలశిక్ష అనే పాతపేరు చెల్లుతుంది. శంఖినీ డంకినుల సంగమం వద్ద దేవి అందెల సవ్వడి ఆగిపోయిన నాడు అన్నమదేవుడు నేర్చిన పాఠమేదో ఐతిహ్యం చెప్పదు. తిరిగి చూచినవానిని ఆమె శపించి పోలేదని మాత్రం చెబుతుంది. ఆమె నిలిచినచోటనే గుడి వెలసినది.